యూనియన్ ప్రతినిధి పాఠాలు – 3: సంతకానికి ముందు ఒక గంట

పోయిన పాఠంలో లేఆఫ్ వేరు, రిట్రెంచ్‌మెంట్ వేరు అని చూసినాం కదా. లేఆఫ్ అంటే పని లేదని కొన్నాళ్లు కూర్చోబెట్టడం, రూలు ప్రకారం బేసిక్, డీఏ (కరువు భత్యం)లో సగం ఇయ్యాల. రిట్రెంచ్‌మెంట్ అంటే ఉద్యోగమే పోయేది. బయట అందరూ రెండిటినీ లేఆఫ్ అనే అంటారు, మీరు మాత్రం కలపొద్దు.

ఈ పాఠం మొత్తం ఒక్క గంట గురించి, అంటే ఉద్యోగం తీసేస్తున్నారని మనిషి మీ దగ్గరికి వచ్చిన మొదటి గంట.

రేణిగుంట దగ్గర ఒక యూనిట్లో ఏడేళ్లు పైన లైన్ మీద చేసిన తమ్ముడొకడు నైట్ షిఫ్ట్ దిగి, కంపెనీ బస్సు దగ్గర నన్ను పట్టుకున్నాడు. "అన్నా, ఆఫీసులోకి పిలిచి పేపర్ ఇచ్చినారు, సంతకం పెట్టేసినా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిగా ఇస్తారంట" అని ఫోన్లో ఫోటో చూపించినాడు. ఉండేది మూడు లైన్లే, సొంత కారణాల వల్ల నా ఇష్టంతోనే రాజీనామా చేస్తున్నాను అని టైపు చేసి ఉంది, తేదీ మాత్రం ఇంకెవరో పెన్నుతో రాసినారు. తనంతట తాను మానుకున్నోడిని చట్టం రిట్రెంచ్‌మెంట్ కింద లెక్కెయ్యదు, అంటే దాని పరిహారం రాదు. ఆ పిల్లోడి మొహం నాకు ఇప్పటికీ కండ్ల ముందే ఉంటాది.

అందుకే మీరు అడగాల్సిన మొదటి మాట "సంతకం పెట్టినావా?" అనే. పెట్టకపోతే "కాపీ ఇయ్యండి సార్, ఇంట్లో చదువుకోని చెప్తా" అని చెప్పడం నేర్పించండి, గొడవ అక్కర్లేదు. పెట్టేసుంటే ఆ రోజే రాయించాల: ఎవరు పిలిచినారు, ఏ రూములో, ఎన్ని గంటలకు, ఏమని బెదిరించినారు, పక్కన ఎవరున్నారు. ఒత్తిడి మీద పెట్టిన సంతకం, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నా అని మేనేజ్‌మెంట్‌కి స్పీడ్ పోస్టులో పంపించి, రసీదు దాచుకోమనండి. ఉద్యోగం తిరిగి ఇప్పిస్తానని మాత్రం మాట ఇయ్యొద్దు, ఆ మాట పట్టుకోని ఇంటికి పోయి పెళ్లానికి చెప్తాడు.

తర్వాత రిట్రెంచ్‌మెంట్ పరిహారం లెక్క, ఆయన ముందరే పేపరు మీద వెయ్యండి. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండిన లెక్కే దాని బదులు వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది: నెల ముందు నోటీసు, లేదంటే నెల జీతం, దాంతోపాటు ఏడాదికి 15 రోజుల జీతం. ఆరు నెలలు దాటిన ముక్క నిండు ఏడాది కిందే లెక్క. బేసిక్, డీఏ కలిపి 18,000, సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు అనుకోండి, 8 ఏళ్లకు 9,000 చొప్పున 72,000, నోటీసు జీతం 18,000, మొత్తం 90,000. గ్రాట్యుటీ దీంట్లో కలవదు, అది వేరే, అక్కడ నెలకు 26 పని రోజుల లెక్క కాబట్టి 26తో భాగించాల: 18,000ని 15తో, 8తో హెచ్చించి 26తో భాగిస్తే దగ్గర దగ్గర 83,077. తెల్లకాగితం మీద రెండు అంకెలు కనపడినాక మనిషి కొంచెం కుదురుకుంటాడు, చాలాసార్లు చూసినా.

ఇంకోటి, ఒకే రకం పనిలో ఉండేవాళ్లలో ఆఖరున చేరినోళ్లనే ముందు తియ్యాల, అట్ల కాకుంటే కారణం రాసి చూపించాల. కాబట్టి సెక్షన్ వారీగా చేరిన తేదీల లిస్టు మీ దగ్గర ఇప్పుడే ఉండాల, నోటీసు వచ్చినాక అడిగితే ఎవరూ ఇయ్యరు.

వచ్చే పాఠం లోపల చేయాల్సిన పని: మీ సెక్షన్లో ఐదుగురి పేస్లిప్పులు తీసుకోని వాళ్ల లెక్క వెయ్యండి. ఏడాది సర్వీసు అనిపించుకోడానికి కావాల్సిన 240 రోజులు ఎట్ల లెక్కపెట్టాలో, ఆదివారాలు వస్తాయా రావా అనేది పాఠం 4లో చూద్దాం.