గుర్రానికి కొత్త పేరు అలవాటు చేయడం ఎలా?

గుర్రాన్ని కొన్న రోజే పేరు మార్చేస్తారు. మెడలో పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, "ఇకమీదట నీ పేరు బాద్‌షా" అంటారు. మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి వీధంతా వినపడేలా "బాద్‌షా! బాద్‌షా!" అని అరుస్తారు. గుర్రం తన మేత తాను మేస్తూ ఉంటుంది. మూడోరోజు నాకు ఫోను: "అన్నా, దీనికి చెవుడేమో, ఒకసారి వచ్చి చూడు." కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు నడిపే చాలామంది నోట ఈ మాట విన్నాను. చెవుడూ కాదు, పొగరూ కాదు. దానికి ఆ పేరు ఎవరూ నేర్పలేదు, అంతే.

గుర్రం పేరును గుర్తుపడుతుందా అంటే, పడుతుంది. అయితే "బాద్‌షా అంటే నేనే" అని అది మనలాగా అనుకుంటుందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ చప్పుడు వినపడిందంటే దాణా వస్తుంది, లేదా ఈ మనిషి నా దగ్గరికి వస్తాడు. అంతవరకే దానికి తెలుసు, మనకూ అంతే కావాలి. చప్పుడుకూ దాని వెనక వచ్చే లాభానికీ ముడి పడితే ఏ వయసు గుర్రమైనా కొత్త పేరుకు అలవాటుపడుతుంది. ముసలి గుర్రం నేర్చుకోదనే మాట పట్టించుకోకండి.

"రాజస్థాన్ గుర్రానికి తెలుగు పేరు ఎక్కదు" అనేవాళ్ళూ ఉన్నారు. విజయనగర రాజులు అరబ్బు, పారసీక గుర్రాలను ఓడల మీద గోవా, భట్కళ రేవులకు తెప్పించుకున్నారు. అవి మనవాళ్ళ కింద పనిచేయలేదా?

ముందు కావాల్సినవి

తలకు కట్టే తాడు, కాస్త పొడుగు పగ్గం, ఒక రేకు డబ్బా, దాణా. దాణాకు ఉడికించిన ఉలవలే వాడండి. అనంతపురం జిల్లాలో ఏ సంతకు వెళ్ళినా ఉలవలకు కొదవ లేదు. క్యారెట్ ముక్కలైనా ఫర్వాలేదు. బెల్లం మాత్రం వద్దు. బెల్లం మరిగిన గుర్రం మొదట మీ జేబులు వెతుకుతుంది, తర్వాత మీ వేళ్ళు వెతుకుతుంది. ఏది పెట్టినా డబ్బాలో వేయండి, అరచేతిలో పెట్టకండి.

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు పని ముగించాలి. కడప ఎండలో మిట్టమధ్యాహ్నం గుర్రానికి పాఠం చెప్పేవాడికి ముందు ఎవరైనా పాఠం చెప్పాలి.

కొందరు గుర్రం త్వరగా నేర్చుకుంటుందని రాత్రంతా పస్తు పెడతారు. ఇది నాకు ఒళ్ళు మండే పని. గుర్రం ఒళ్ళు చూస్తే అంత ఉంటుంది కానీ దాని పొట్ట చిన్నది. అందులో ఆమ్లం పగలూ రాత్రీ ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీగా ఉంచితే పొట్టలో పుండ్లు పడతాయి. గడ్డి ఎప్పటిలాగే వేయండి, ఉలవలు మాత్రం పాఠం కోసం దాచుకోండి.

మొదటి మెట్టు: పేరు ఎంచుకోవడం

రెండు అక్షరాలు, మహా అయితే మూడు. చివర దీర్ఘం ఉండాలి. రాజా, మోతీ, షేరా, రాణీ లాంటివి. దూరం నుంచి పిలిచినా చివరి దీర్ఘం సాగుతుంది. న్యూమరాలజీ ఆయన చెప్పాడని మూడు మాటల పేరు పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని కాగితం మీద ఉంచి లాయంలో పిలవడానికి ఇంకొకటి పెట్టండి. రేసు గుర్రాలకు జరిగేది అదే. రేసు గుర్రాల పేర్లు నమోదు చేసే అమెరికా జాకీ క్లబ్ ఖాళీలతో కలిపి 18 ఇంగ్లీషు అక్షరాల దాకా పేరుకు ఒప్పుకుంటుంది. అంత పేరుతో మేత వేసేవాడు పిలుస్తాడా? అతను పిలిచేది వేరు. అందుకే రేసులు మానేసిన గుర్రాన్ని కొని పుస్తకంలో ఉన్న పేరుతో పిలిచి, పలకలేదని బాధపడటం వృథా. ఆ పేరు అది ఎప్పుడూ వినే ఉండదు.

లాయంలో రాజా ఉండగా రోజా అని పెట్టకండి. "చల్" అనో "హో" అనో మీరు నడిపేటప్పుడు వాడే మాటకు దగ్గరగా ఉండే పేరూ వద్దు.

రెండో మెట్టు: పాత పేరు కనుక్కోవడం

మనవైపు వచ్చే గుర్రాల్లో చాలావరకు రాజస్థాన్ నుంచో, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా జాతర నుంచో చేతులు మారుతూ వస్తాయి. చేతికొక పేరు. యజమానిని అడిగితే గొప్పగా ఉండే పేరు చెప్తాడు. మేత వేసిన కుర్రాడిని అడగండి, అసలు పేరు అతనే చెప్తాడు.

ఆ పేరు పిలిచి చూడండి. తల మీ వైపు తిప్పితే మంచిదే. చెవులు వెనక్కి అణిచి, తల పైకెత్తి వెనకడుగు వేసిందంటే, ఆ పేరు పిలిచి కొట్టారని అర్థం. ఇక దాన్ని మళ్ళీ ఎత్తకండి. పాత పేరు తెలియకపోయినా, ఇలా చెడిపోయి ఉన్నా కంగారు లేదు. రేకు డబ్బాలో ఎండు ఉలవలు వేసి గలగలలాడించండి. ఆ చప్పుడుకు తల ఎత్తని గుర్రాన్ని నేను ఇంతవరకు చూడలేదు. మీ పనికి ఆ చప్పుడే పాత పేరు.

మూడో మెట్టు: కొత్త పేరు ముందు, పాత పేరు వెనక

అందరూ బోర్లా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

వరస ఇది. కొత్త పేరు ఒక్కసారి పిలవాలి. మనసులో "ఒకటి" అనుకునేంత సేపు ఆగాలి. తర్వాత పాత పేరు పిలవాలి, లేదా డబ్బా గలగలలాడించాలి. గుర్రం మీ వైపు చూడగానే దాణా డబ్బాలో వేసి దాని ముందు పెట్టాలి. పాత పేరు రాజా అనుకుంటే: బాద్‌షా, ఆగడం, రాజా, దాణా. ఈ వరస ఎట్టి పరిస్థితిలోనూ తారుమారు కాకూడదు.

జనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. "రాజా... బాద్‌షా" అంటారు. పాత పేరు వినగానే గుర్రం తల ఎత్తేసింది, దాణా వస్తుందని దానికి తెలిసిపోయింది. ఇక ఆ తర్వాత మీరు బాద్‌షా అన్నా బస్టాండ్ అన్నా దానికి ఒకటే. కొత్త చప్పుడు వల్ల దానికి కొత్తగా తెలిసిందేమీ లేదు, అందుకని పట్టించుకోదు. నెలల తరబడి ఇలాగే పిలుస్తూ గుర్రానికి బుర్ర లేదని తిట్టేవాళ్ళను చూశాను. కొత్త పేరు ముందొస్తే అది కబురు మోసుకొచ్చినట్టు. వెనకొస్తే వట్టి రొద.

రెండోది, మధ్యలో ఆగడం. రెండు పేర్లూ అతికించి "బాద్‌షారాజా" అని పిలిస్తే అది మూడో పేరు అవుతుంది. మరీ ఎక్కువసేపు ఆగినా ముడి పడదు.

మూడోది అన్నిటికంటే కష్టం: మీ ఒళ్ళు కదలకూడదు. నూటికి తొంభై మంది "బాద్‌షా" అంటూనే చెయ్యి డబ్బాలో పెడతారు, లేదా ఒక అడుగు ముందుకు వేస్తారు, లేదా ముందుకు వంగుతారు. గుర్రం చూసేది దాన్ని. పేరును కాదు. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్కలు చేస్తుందని, జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో నేలను తడుతుందని దాని యజమాని ఫాన్ ఓస్టెన్ జనానికి చూపించేవాడు. 1904లో దాన్ని పరీక్షించడానికి పెద్దలతో ఒక కమిటీనే వేశారు, వాళ్ళకు మోసమేమీ కనపడలేదు. ఆ తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే ఆయన గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగిన మనిషికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. సరైన లెక్క దగ్గరికి రాగానే ఎదుటివాడి తల, ఒళ్ళు తనకు తెలియకుండానే పిసరంత కదిలేవి. గుర్రం దాన్ని పట్టుకుని తట్టడం ఆపేసేది. అంత చిన్న కదలికను పట్టే జంతువు ముందు మీరు చెయ్యి ఊపుతూ పేరు నేర్పుతానంటే అది చెయ్యిని నేర్చుకుంటుంది. చేతులు వెనక కట్టుకోండి. డబ్బా మీ వెనక గోడ మీద పెట్టండి, అవసరమైతే పక్కన ఇంకొకరు గలగలలాడించమనండి. పిలిచేటప్పుడు మీరు పాతిన రాయిలా ఉండాలి.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనపడుతుంది కానీ నుదుటి ముందు కాస్త మేర, తోక వెనక సూటిగా కనపడదు. భుజానికి ఏటవాలుగా, నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి. చెవులు ఎటు కావాలంటే అటు తిప్పుతుంది, మనకు వినపడని సన్నటి శబ్దాలూ దానికి వినపడతాయి. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే గుర్రం చెవి 33,000 హెర్ట్జ్ దాటి వెళ్తుంది. ఇంత ఉన్నా చప్పుడు సరిగ్గా ఏ మూల నుంచి వచ్చిందో తేల్చుకోవడంలో అది మనకంటే చాలా వెనక. కనపడకుండా గోడ అవతల నుంచి పిలిచి, రాలేదని కోప్పడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. వినపడింది, ఎక్కడని తెలియలేదు.

ఒక్కసారే పిలవండి. "బాద్‌షా బాద్‌షా బాద్‌షా" అని వాయిస్తే మొదటి రెండూ వినక్కర్లేదని నేర్పినట్టు అవుతుంది. పూటకు ఏడెనిమిది సార్లు, పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట. ఇంకా చేయాలని గుర్రానికి ఉండగానే ఆపేయండి.

నేర్పే రోజుల్లో కొత్త పేరుతో తిట్టకూడదు. డాక్టరు వచ్చి సూది వేయాల్సి వచ్చినా, డెక్కలకు లాడాలు కొట్టించాల్సి వచ్చినా, పేరు ఎత్తకుండా దగ్గరికి నడిచి పట్టుకోండి. పేరు పిలిచి సూది గుచ్చితే మీరు చేసిందంతా ఆ ఒక్క పూటతో పోతుంది.

పగ్గం గుంజి తల తిప్పించి పేరు నేర్పే పద్ధతి ఒకటుంది, పాతకాపులు ఇప్పటికీ దాన్నే సమర్థిస్తారు. గుర్రం తల తిప్పుతుంది, నిజమే. పగ్గం వదిలేసిన రోజు తిప్పదు. ఫ్రాన్స్‌లో పరిశోధకులు కదలకుండా నిలబడమనే మాటను కొన్ని గుర్రాలకు దాణా ఇస్తూ, కొన్నిటికి ఇవ్వకుండా నేర్పి 2010లో ఫలితాలు ప్రచురించారు. దాణాతో నేర్చుకున్నవి త్వరగా నేర్చుకున్నాయి, నెలల తర్వాత కూడా నేర్పిన మనిషి దగ్గరికి ఇష్టంగా వచ్చాయి. మా లాయంలో అందరికీ ఎప్పటి నుంచో తెలిసిన సంగతే, అయినా కాగితం మీదికి ఎక్కితే గానీ కొందరు నమ్మరు.

నాలుగో మెట్టు: చెవులు చూసి పరీక్ష

కొన్నాళ్ళకు, మీరు పాత పేరు ఎత్తకముందే గుర్రం స్పందిస్తుంది. పరుగెత్తుకొస్తుందని ఎదురుచూడకండి, గుర్తు చాలా చిన్నది. ఒక్క చెవి మీ వైపు తిరుగుతుంది. నమిలే దవడ ఆగుతుంది. పెదవుల మధ్య గడ్డి పరక వేలాడుతూ అలాగే ఉండిపోతుంది. మార్వాడీ గుర్రాలైతే చెవుల కొసలు లోపలికి వంపు తిరిగి ఉంటాయి కాబట్టి కాస్త కదిలినా ఇట్టే తెలుస్తుంది. ఆ క్షణమే దాణా ఇచ్చేయండి, పాత పేరు పలకకండి. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ పలకకూడదు. పిల్లలకు గట్టిగా చెప్పండి.

నిజంగా పేరే పట్టిందా, మీ గొంతు విని తిరిగిందా అని తేల్చుకోవాలంటే అదే గొంతుతో, అదే లయతో "తమాషా" అనండి. కాసేపు ఆగి "సమోసా" అనండి. తర్వాత "బాద్‌షా". మూడింటికీ చెవి తిప్పిందంటే పేరు ఇంకా ఎక్కలేదు, మూడో మెట్టుకు వెళ్ళండి. మొదటి రెండింటికీ మేస్తూ ఉండి మూడోదానికి తిరిగితే పని అయినట్టే. మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. బెదురు గుర్రానికి ఇంకాస్త.

ఐదో మెట్టు: మిగతావాళ్ళ నోట

తెలిసిన మనిషి గొంతును ఆ మనిషితో జతపరచుకోవడం గుర్రాలకు వచ్చు, 2012లో ఇంగ్లండ్‌లో జరిగిన ప్రయోగాల్లో ఇది తేలింది కూడా. కాబట్టి మీ గొంతుకు పలికే గుర్రం మీ తమ్ముడి గొంతుకు పలకకపోవచ్చు. మేత వేసే మనిషి చేత, ఊరేగింపులో పక్కన నడిచే మనిషి చేత విడివిడిగా మూడో మెట్టు చేయించండి. ఈసారి పాత పేరు అక్కర్లేదు, పేరు తర్వాత దాణా చాలు. అందరూ ఒకేలా పలకాలి. ఒకరు బాద్‌షా, ఒకరు బాచ్చా, ఒకరు బాసూ అంటే కుదరదు.

ఇదంతా ఖాళీ స్థలంలో పలకడానికి. పెళ్ళి ఊరేగింపు సంగతి వేరు. బ్యాండు మోగుతూ, నెత్తి మీద టపాకాయలు పేలుతుంటే ఎంత బాగా నేర్చిన గుర్రమైనా పేరు వినిపించుకోదు. పేరు పిలిస్తే ఆగుతుందని తలతాడు వదలకండి. పెళ్ళికొడుకు పైన ఉన్నంతసేపు గుర్రం తల పక్కన ఒక మనిషి ఉండి తీరాలి, అతను సెల్‌ఫోన్‌లో వీడియోలు తీసే మనిషి కాకూడదు.