లూపస్ తిరగబెట్టిందా? ముందు మాత్రల షీటు చూడండి

సమస్య: లూపస్ అంటే ఒంటి రక్షణశక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. తగ్గిన కీళ్లనొప్పులు మళ్లీ మొదలయ్యాయి, బుగ్గల మీద ఎర్రమచ్చలు తేలాయి, లేస్తే నీరసం. "మందులు వాడుతూనే ఉన్నామండీ" అంటారు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో ఇలా జరగ్గానే విశాఖలో ఇంకో డాక్టరు కోసం వెతుకుతారు. దయచేసి అంతకన్నా ముందు మందుల డబ్బా మంచం మీద బోర్లించండి.

కారణం: ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) షీట్లు ఖాళీగా ఉంటాయి. లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ షీటులో మాత్రం నాలుగు మాత్రలు తీసి, మిగతావి అలాగే ఉంటాయి. ఇదే ఎక్కువసార్లు దొరికే దొంగ.

మలేరియా బెడద ఉన్న ప్రాంతం కదా, క్లోరోక్విన్ పేరు చాలామందికి తెలుసు. "ఇది మలేరియా మాత్ర, నీకు జ్వరం లేదుగా" అని ఎవరో ఒకరు అంటారు. సరేనని మానేస్తారు. మానేసినా వెంటనే ఏమీ కాదు, చిక్కంతా అక్కడే. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే సుమారు 40 రోజులు పడుతుంది. జబ్బు తిరగబెట్టేసరికి నెలలు గడిచిపోతాయి, మాత్ర మానిన సంగతి ఎవరికీ గుర్తుండదు. స్టెరాయిడ్ త్వరగా హాయినిస్తుంది కాబట్టి అదొక్కటే మిగులుతుంది.

పరిష్కారం: షీటు మొదలుపెట్టిన తేదీ దాని వెనకే పెన్నుతో రాయండి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మానేసి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయన స్టెరాయిడ్ పెంచేస్తారు. మళ్లీ మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు, మధ్యలో విసుగొచ్చి ఆపకండి. స్టెరాయిడ్‌ను మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, ప్రాణం మీదకు రావచ్చు.

కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి. కళ్లు పోతాయన్న భయానికి మానేసేవాళ్లూ ఉన్నారు. బరువును బట్టి డోసు ఇస్తారు, కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా. మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేయించుకుంటే చాలు. కిడ్నీ జబ్బుంటే ఈ ఏటేటా కంటి పరీక్ష అయిదేళ్లు ఆగకుండా ముందే మొదలుపెట్టాలి. షాపులో వేరే కంపెనీది ఇస్తే మాత్ర 200, 300, 400 మిల్లీగ్రాముల్లో ఏదో డాక్టరు చీటీతో సరిచూసుకోండి.

మాత్రలన్నీ సరిగ్గా వేసుకున్నా తిరగబెట్టడం, డోసు చాలకపోవడం ఉంటాయి, అవి డాక్టరు పరీక్షలతో తేలుస్తారు.

మూత్రం నురగగా పోయినా, కాళ్లు ముఖం ఉబ్బినా, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఫిట్స్ వచ్చినా షీట్లు లెక్కపెడుతూ కూర్చోకండి. డబ్బా చేతబట్టుకుని ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.