ఏ బట్ట కింద ఏ బ్యాకింగ్ పేపర్ వేయాలి?

మెషీన్ ఎంబ్రాయిడరీతో కుట్టిన చిలక ఫ్రేములో ఉన్నంతసేపూ ముద్దుగానే కనిపిస్తుంది. ఫ్రేము విప్పి బట్టను బల్ల మీద పరిచేసరికి రెక్కల చుట్టూ ముడతలు, ముక్కుకూ అంచు గీతకూ మధ్య సందు. వెంటనే మెషీన్ మీద, దారం మీద, డిజైన్ చేసినవాళ్ల మీద అనుమానం వస్తుంది. నా అనుభవంలో చాలాసార్లు తప్పు వాటిలో లేదు, బట్ట కింద వేసిన పేపర్‌లో ఉంది.

కుట్టు పడిన ప్రతిసారీ దారం బట్టను కొద్దిగా లోపలికి గుంజుతుంది. ఒక్క కుట్టు గుంజితే తెలియదు. అరచేతిలో పట్టేంత చోట పదివేల కుట్లు పడితే ఆ గుంజుడు తట్టుకునే బలం బట్టకు ఉండదు. ఆ బలాన్ని పేపర్ ఇస్తుంది. న్యూస్ పేపర్ వేసి కుట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సిరా లేత రంగు బట్టకు అంటుతుంది, సూది పోట్లకు కాగితం సగంలోనే చిరిగిపోతుంది. దాన్ని వదిలేయండి.

1. ముందు బట్టను లాగి చూడండి

నిలువుగా, అడ్డంగా, ఐమూలగా రెండు చేతులతో లాగండి. టీషర్టు బట్టలా సాగితే కట్‌అవే పేపర్ వేయాలి. కుట్టాక దీన్ని చుట్టూ కత్తిరిస్తాం కానీ డిజైన్ వెనుక ఉన్నది అలాగే ఉండిపోతుంది. టీషర్టుకు ఆసరా కుట్టేటప్పుడే కాదు, ఆ తర్వాత ఉతికిన ప్రతిసారీ కావాలి. కుట్టాక చింపేసే టేర్‌అవే పేపర్ వేస్తే మొదటిరోజు బాగానే ఉంటుంది, నాలుగు ఉతుకులకు అక్షరాలు వంకర్లు పోతాయి.

సాగని గట్టి నూలు బట్ట, జీన్స్, కాన్వాస్ సంచి అయితే టేర్‌అవే చాలు. కుట్టాక చింపేయవచ్చు.

2. తిరకాసు బట్టలను విడిగా చూడండి

పట్టు సాగదు కదా, టేర్‌అవే సరిపోతుందని అనిపిస్తుంది. జాకెట్టు చేతుల మీద చిన్న బుటీలకైతే సరిపోతుంది. వీపు మీద జరీ దారంతో నిండుగా నెమలిని కుట్టేటప్పుడు మాత్రం నేను మెత్తటి కట్‌అవే వేస్తాను. పేపర్ చింపే ఊపుకు పట్టు పోగులు జరిగితే మళ్లీ సర్దలేం. పేపర్ ఉండిపోతే ఒంటికి గుచ్చుకుంటుందన్న భయం అక్కర్లేదు, జాకెట్టుకు ఎలాగూ లైనింగ్ పడుతుంది.

నెట్, ఆర్గంజా వెనుక ఏ పేపర్ మిగిలినా ముందుకు కనిపిస్తుంది. వాటికి నీళ్లలో కరిగే పేపర్ వాడాలి. అందులో రెండు రకాలున్నాయి: పల్చటి ప్లాస్టిక్ కవర్‌లా ఉండేది ఒకటి, గుడ్డలా ఉండేది ఇంకొకటి. కింద వేయడానికి గుడ్డలాంటిదే మేలు. అయితే ఆర్గంజా అసలు పట్టుదైతే ముందు చిన్న ముక్కను తడిపి చూడండి. నీటి మరక పడే బట్టకు నీళ్లలో కరిగే పేపర్ ఎంత మంచిదైతే ఏం లాభం? ఈ పేపర్‌ను గాలి చొరబడని కవర్‌లో దాచాలి. కోస్తా ఊళ్లలో వానాకాలపు చెమ్మకు బయట పెడితే మెత్తబడి సాగిపోతుంది.

తువ్వాలుకు కింద పేపర్ ఒక్కటే వేస్తే నూలు ఉచ్చులు కుట్ల మధ్య నుంచి పైకి లేస్తాయి. పైన కూడా ప్లాస్టిక్ కవర్‌లాంటి కరిగే పేపర్ పరచండి.

వెల్వెట్‌ను ఫ్రేములో బిగిస్తే పడిన గుర్తు పోదు. పేపర్‌ను మాత్రమే ఫ్రేములో బిగించి, దాని మీద ఎంబ్రాయిడరీ స్ప్రే గమ్ చల్లి వెల్వెట్‌ను అతికించండి. చుట్టూ ఒక వరుస పొడుగు కుట్లు వేసుకుంటే జరగదు.

3. మందం ఎంత?

కొన్ని పేపర్ల మీద బరువును జీఎస్ఎంలో, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో రాస్తారు. మరికొన్నింటి మీద చదరపు గజానికి ఔన్సుల్లో ఉంటుంది. ఒకటిన్నర ఔన్సు అంటే దాదాపు 50 జీఎస్ఎం, రెండున్నర ఔన్సులంటే దాదాపు 85. గీతలతో తేలిపోయే డిజైన్‌కు పల్చటిది, నిండు డిజైన్‌కు మందమైనది. టేర్‌అవేలో ఒక మందం పొర కన్నా రెండు పల్చటి పొరలు వేసి ఒక్కొక్కటిగా చింపడం తేలిక.

4. బిగించడం

పేపర్ ఫ్రేము కన్నా అన్ని వైపులా కనీసం అంగుళం పెద్దదిగా ఉండాలి. ఫ్రేము లోపల మాత్రమే పట్టే ముక్కను కింద దూర్చి పొదుపు చేయబోతే బట్ట పాడవుతుంది. బిగించాక వేలితో తడితే డప్పులా మోగాలి. టీషర్టును మాత్రం లాగి బిగించకండి, ఫ్రేము తీయగానే బట్ట వెనక్కి ముడుచుకుని డిజైన్ చుట్టూ ముడతలు వస్తాయి.

5. ముక్క మీద కుట్టి చూడండి

అదే బట్ట ముక్క మీద, అదే పేపర్‌తో ఒకసారి కుట్టండి. ముడతలు వస్తే మెషీన్‌లో దారం బిగువు (టెన్షన్) తిప్పే ముందు పేపర్ మార్చి చూడండి.

6. తీయడం

టేర్‌అవే చింపేటప్పుడు కుట్ల మీద బొటనవేలు అదిమిపెట్టి, పేపర్‌ను మెల్లగా లాగండి. కట్‌అవేను డిజైన్ చుట్టూ పావు అంగుళం వదిలి, మూలలు గుండ్రంగా కత్తిరించండి. కోసు మూలలు పసిపిల్లల ఒంటికి గీసుకుంటాయి. వాళ్ల బట్టలకైతే వెనుక ఇస్త్రీతో అంటుకునే మెత్తటి పొర ఒకటి వేయండి.