వీల్‌చెయిర్‌తో టాక్సీ ప్రయాణం ఎలా? మారిన నిబంధనలు, శ్రీకాకుళంలో మనకున్న దారులు

శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలు దిగినవారికి శ్రీకాకుళం ఇంకా పది కిలోమీటర్ల పైమాటే. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. కాళ్లు బాగున్నవారు ఆటో ఎక్కి ఏడు రోడ్ల కూడలిలో దిగిపోతారు. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషికి మాత్రం అసలు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. నాలుగేళ్లుగా మా అమ్మను ఆసుపత్రికీ, అరసవల్లికీ, చుట్టాల ఇళ్లకూ తీసుకెళ్తూ నేర్చుకున్న సంగతులనూ, ఈ మధ్య మారిన నిబంధనల్లో మనకు పనికొచ్చేవాటినీ కలిపి రాస్తున్నాను.

1. ముందు కుర్చీ కొలతలు, ఆ తర్వాతే ఫోను

మడిచిన వీల్‌చెయిర్ పొడవు, ఎత్తు, మందం టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. మామూలు మడత కుర్చీ 15 నుంచి 20 కిలోలు తూగుతుంది. టాక్సీకి ఫోను చేసినప్పుడు ఛార్జీ మాట ఎత్తకముందే బండి సీఎన్‌జీదా అని అడగండి. అలాంటి బండ్లలో డిక్కీని చాలావరకు సిలిండరే ఆక్రమిస్తుంది. మేము ఒకసారి అడగడం మరిచిపోయాం. తెల్లవారుజామున అయిదింటికి కారు వచ్చింది. డిక్కీ తెరిస్తే సిలిండరు పక్కన జానెడు చోటు మిగిలింది. కుర్చీని వెనక సీటు మీద అడ్డంగా పెట్టి, విశాఖపట్నం దాకా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. బ్రేకు పడినప్పుడల్లా దాని ఫుట్‌రెస్టు నా మోకాలికి తగులుతూనే ఉంది. అదే అమ్మకు తగిలి ఉంటే ఏమయ్యేదో!

రెండో సంగతి సీటు ఎత్తు. పెద్ద బండి అయితే సౌకర్యంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. వీల్‌చెయిర్ సీటు నేలకు సుమారు అరమీటరు ఎత్తులో ఉంటుంది. కారు సీటు కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటే మనిషిని పక్కకు జరపవచ్చు. పెద్ద బండి సీటు అంతకంటే ఎత్తు, అక్కడ మనిషిని ఎత్తవలసి వస్తుంది. ఇంట్లో ఎత్తగల బలం ఉన్నవారు లేకపోతే తక్కువ ఎత్తు కారే మేలు.

పసుపు నంబరు పలక ఉన్న బండినే మాట్లాడుకోండి. తెల్ల పలక బండిని కిరాయికి తీసుకుంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర పేచీ వస్తుంది. డ్రైవరుకు ప్రత్యేకంగా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉండాలేమోనన్న అనుమానం మాత్రం అక్కర్లేదు. మొత్తం బరువు 7,500 కిలోలలోపు ఉండే రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. నమ్మకమైన మనిషి, ఓపికగలవాడు అయితే చాలు. ఎక్కించడానికి, దించడానికి పట్టే సమయానికి ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోవడం మర్యాద. డ్రైవరుకు అది కూడా పనే కదా.

2. కుర్చీలోంచి కారులోకి

ముందు ఎడమవైపు సీటును పూర్తిగా వెనక్కి జరపండి. తలుపు వీలైనంత తెరిచి, వీల్‌చెయిర్‌ను కారుకు కాస్త ఏటవాలుగా దగ్గరకు చేర్చి, రెండు బ్రేకులూ వేయండి. ఫుట్‌రెస్టులు తీసేయండి లేదా పక్కకు తిప్పండి, ఎక్కువమందికి కాలు తట్టుకునేది అక్కడే. చంకల కింద చేతులు వేసి లాగకండి, భుజాలు దెబ్బతింటాయి. నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి దాన్ని పట్టుకోండి. మనిషిని ముందుకు వంచి, మూడు లెక్కపెట్టి, ముందు కూర్చోబెట్టండి. కాళ్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా లోపలికి. తల పైన తలుపు చట్రానికి తగలకుండా ఇంకొకరు చెయ్యి అడ్డం పెట్టాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి డయాలసిస్‌కు వెళ్లేవారి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, అయినా వారానికి రెండు మూడుసార్లు ఇంటి నుంచి ఆసుపత్రికి వెళ్లిరావడం తప్పదు. ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతిని పట్టుకుని ఎత్తకూడదు. ఎడమ సీటులో బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది, ఫిస్టులా తరచుగా ఎడమ చేతికే ఉంటుంది. బెల్టు ఆ చేతిని నొక్కకుండా చూసి పెట్టండి. డయాలసిస్ అయిన వెంటనే రక్తపోటు పడిపోవచ్చు కాబట్టి, పది నిమిషాలు కూర్చోబెట్టాకే కారు దగ్గరకు తీసుకెళ్లండి.

3. కుర్చీతో సహా ఎక్కించాలంటే

కొందరిని కుర్చీలోంచి కదిలించడానికే వీలుండదు. వారికి ర్యాంపు ఉన్న వ్యాను కావాలి. అలాంటి బండిలో కుర్చీ డ్రైవరు చూసే వైపే చూస్తూ ఉండాలి, అడ్డంగా పెట్టకూడదు. కుర్చీ చట్రాన్ని ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు పట్టీలతో నేలకు బిగించాలి. మనిషికి వేరే సీటు బెల్టు ఉండాలి. కుర్చీకి వేసిన బెల్టు మనిషిని ఆపుతుందనుకోవడం ప్రమాదం. కుర్చీ బ్రేకు మీద భరోసా పెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం.

సొంత బండిని ఇలా మార్పించుకోవాలనుకునేవారికి చట్టం ఇప్పుడు తోడుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం పాత ‘ఇన్వాలిడ్ క్యారేజ్’ అనే మాటను తీసేసి, దివ్యాంగుల కోసం మార్చిన వాహనానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. మామూలు బండిని అలా మార్చుకోవడానికి సెక్షన్ 52 వీలు కల్పిస్తోంది. చేయవలసింది ఇది: ముందుగా రవాణా కార్యాలయంలో నియమాలు అడిగి తెలుసుకోవాలి, మార్పు చేయించాక బండిని తనిఖీకి చూపి అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) నమోదు చేయించాలి, బీమా కంపెనీకి తెలియజేయాలి. నిబంధనలు ఒప్పుకోని విధంగా మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్ దరఖాస్తులోనే యజమాని దివ్యాంగులని రాసుకునే వీలు ఉంది, దాన్ని వదులుకోకండి.

నన్ను బాధించేది ఆ నిర్వచనంలోని మరో మాట. ఆ బండిని దివ్యాంగులు, లేదా వారి కోసం మాత్రమే వాడాలి. అంటే చట్టం కొత్త తలుపు తెరిచింది ముందుగా బండి కొనుక్కోగలిగినవారికే. కిరాయి బండి మీద బతికేవారు ఇంకా బయటే ఉన్నారు. నేను అడిగి చూసినంతలో మన పట్టణంలో ర్యాంపు ఉన్న టాక్సీ దొరకలేదు. వ్యానుకు ర్యాంపు పెట్టాలని ఆలోచించే టాక్సీ యజమాని ఎవరైనా ఉంటే, డబ్బు పెట్టకముందే రవాణా కార్యాలయంలో అడిగి, ఏ కోవలో అనుమతి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. మీ బండి కోసం ఎదురుచూసే ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి.

4. కాగితాలు

టాక్సీ ఎక్కడానికి ఏ కార్డూ అక్కర్లేదు. బస్సు పాసుకూ, రైలు రాయితీకీ, బండి మార్పుకూ వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) సిద్ధంగా ఉంటే పని సాఫీగా సాగుతుంది. గ్రామ, వార్డు సచివాలయంలో సదరం స్లాటు, అంటే వైకల్యాన్ని నిర్ధారించే వైద్య పరీక్షకు సమయం, అడగండి.

బస్సు సంగతి కూడా చెప్పాలి. 2020 మార్చి 1 నుంచి కొత్త బస్సుల్లో దివ్యాంగులకు సీట్లు, పట్టుకునే కడ్డీలు, వీల్‌చెయిర్ ఎక్కించి నిలిపే ఏర్పాటు ఉండాలని కేంద్ర నిబంధన. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు ప్రయాణం ఉచితం. అమ్మకూ ఆ హక్కు ఉంది. మెట్లు ఎక్కలేక దాన్ని ఒక్కసారీ వాడుకోలేదు.

5. ‘ఎక్కించుకోం’ అని డ్రైవరు అంటే

బండి నంబరు, తేదీ, సమయం, చోటు అక్కడికక్కడే రాసుకోండి. కిరాయి బండి ప్రయాణికులను నిబంధనలకు విరుద్ధంగా నిరాకరించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 178 కింద నేరం. జరిమానా చిన్నదే, కానీ ఫిర్యాదు నమోదు కావడం ముఖ్యం. రవాణా కార్యాలయంలో ఒక ప్రతి ఇవ్వండి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇంకో ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లో రవాణా సదుపాయాల గురించి చెప్పే సెక్షన్ 41ను అర్జీలో రాయండి. అందుబాటు ప్రమాణాలు సూచనలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి నియమాలు చేయాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట కూడా చేర్చండి.

ఇల్లు చేరాక కారును పంపేముందు లెక్క చూసుకోండి: కుర్చీ, రెండు ఫుట్‌రెస్టులు, మెత్త, నడుము పట్టీ. మా కుడి ఫుట్‌రెస్టు ఒకసారి డిక్కీలోనే ఉండిపోయింది. అది తిరిగి వచ్చేదాకా మూడు రోజులు అమ్మ కాలు గాలిలోనే వేలాడింది.