అపార్ట్‌మెంటు పిల్లలకు రోజూ రెండు గంటల పగటి వెలుతురు అందించడం ఎలా?

చెన్నై టి.నగర్ పరిసరాల్లో పంతొమ్మిదేళ్ళుగా కళ్ళ పరీక్షలు చేసి అద్దాలు రాస్తున్నాను. నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాలలో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మా వంశంలో ఎవరికీ సైటు లేదండీ, వీడికెలా వచ్చింది?" సైటు అని నేను ఇక్కడ చెప్పేది దూరపువి మసకగా కనిపించే మైనస్ నంబరు గురించి. వంశానికి పాత్ర ఉన్న మాట నిజమే. అయితే కంటిగుడ్డు ఎంత పొడవు పెరగాలన్నది పిల్లవాడు మొదటి పది పన్నెండేళ్ళు ఎలాంటి వెలుతురులో గడిపాడన్న దాని మీద కూడా చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పుట్టిన శిశువు కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి అది 23, 24 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. అక్కడ ఆగకుండా ఇంకొక్క మిల్లీమీటరు సాగితే అద్దాల నంబరు మైనస్ రెండున్నర నుంచి మూడు దాకా పోతుంది. ఒకసారి సాగిన కన్ను మళ్ళీ పొట్టిగా మారదు. అద్దాలు పెట్టినా, పెద్దయ్యాక లేజర్ చేయించినా చూపు సరిపోతుందే తప్ప సాగిన గుడ్డు సాగినట్టే ఉండిపోతుంది. నంబరు ఆరు దాటినవారికి నడివయసులో రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే, వెలుతురును పట్టే పొర) ఊడటం, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), రెటీనా నడిభాగం పలచబడి దెబ్బతినడం వంటి ముప్పులు ఎక్కువయ్యేది అందుకే. సైటును రెండేళ్ళు ఆలస్యం చేయగలిగినా లాభమే, ఎందుకంటే ఎంత చిన్న వయసులో మొదలైతే నంబరు అంత పైకి పోతుంది.

కావలసినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అంచు వెడల్పుగా ఉన్న గుడ్డ టోపీ, స్టీలు సీసాలో నీళ్ళు, ఒక బంతి ఉంటే చాలు. టోపీ గుడ్డదే కావాలి, ప్లాస్టిక్ టోపీని ఏ పిల్లవాడూ పావుగంటకు మించి తల మీద ఉంచుకోడు. ఫోను పెద్దవాళ్ళ జేబులో ఉండాలి, పిల్లల చేతికి వెళ్ళకూడదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి కంటి వైద్యుని దగ్గర చుక్కల మందు వేయించి పరీక్ష చేయించండి. చుక్కలు వేయకుండా చూస్తే చిన్నపిల్లల కన్ను తనంతట తాను బిగుసుకుని తప్పు నంబరు చూపిస్తుంది. మామూలుగా ఆరేళ్ళ పిల్లల కళ్ళలో కొద్దిపాటి ప్లస్ నంబరు మిగిలి ఉండాలి, కన్ను ఇంకా పొడవు పెరగవలసి ఉందనడానికి అది గుర్తు. అది అప్పటికే సున్నాకు వచ్చేసి ఉంటే ఈ వ్యాసం మీకు మరింత అవసరమని అర్థం.

తరువాత వేళలు. మొత్తం రెండు గంటలు కావాలి, అవి ఒకే దఫా కానక్కరలేదు. మా ఇంట్లో నేను పెట్టిన పద్ధతి ఇది: పొద్దున ఏడు నుంచి ఏడూ నలభై దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదూ యాభై దాకా. పదకొండు నుంచి మూడు మధ్య చెన్నై ఎండలో పిల్లలను నిలబెట్టకూడదు. ఇక్కడివాళ్ళు అగ్ని నక్షత్రమని పిలిచే మే నెల రోజుల్లోనైతే సాయంత్రం అయిదు దాటాకే కిందికి దింపండి, ఆ కాలంలో ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

ఇంతవరకు అందరూ సరిగానే చేస్తారు. చెడగొట్టేది దీని తరువాతి మెట్టు దగ్గరే.

ఏది వెలుతురు, ఏది కాదు?

"మా వాడు రోజూ రెండు గంటలు బాల్కనీలోనే ఆడతాడండీ" అని వెస్ట్ మాంబళంలో ఉండే ఒక తల్లి నాతో గట్టిగా వాదించారు. "మా హాలు నిండా వెలుతురే, పగలు లైటు వేయనే వేయం" అని కూడా అన్నారు. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు ఫోనులో వెలుతురును కొలిచే యాప్ తెరిచి సోఫా మీద పెట్టాను. 210 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) చూపించింది. బాల్కనీలో గ్రిల్, ఆరవేసిన దుప్పట్లు, కరివేపాకు కుండీ, పైన వెదురు తడిక ఉన్నాయి. అక్కడ 740. తరువాత అందరం మిద్దె ఎక్కి, ఎండలోకి పోకుండా, నీళ్ళ ట్యాంకు నీడలోనే ఫోను పెట్టాం. అంకె పదకొండు వేలు దాటింది. పిల్లవాడి తాతగారు ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇది పాడైనట్టుందయ్యా" అన్నారు.

ఫోను పాడవలేదు. ఫోనులో ఉండే ఈ కొలత కచ్చితమైనది కాదు, కాని గదికీ ఆరుబయటికీ ఉన్న తేడా ఎంత పెద్దదంటే మొరటు కొలతకు కూడా దొరికిపోతుంది. మోసం చేసేది మన కన్నే. చీకట్లో కంటిపాపను పెద్దది చేసి, వెలుతురులో చిన్నది చేసి, రెటీనా తన గ్రాహకశక్తిని ఎప్పటికప్పుడు సర్దుకుంటూ ఉంటుంది కనుక యాభై రెట్ల తేడా మనకు కొంచెం తేడాగానే తోస్తుంది. బాగా వెలిగే గదిలో కూడా 300, 500 లక్స్‌కు మించి ఉండదు. మబ్బు పట్టిన రోజున ఆరుబయట 10,000 దాకా ఉంటుంది. నడినెత్తి ఎండలో లక్ష తాకుతుంది.

ఇక్కడ ఎండ వేరు, వెలుతురు వేరు అన్నది మనసులో పెట్టుకోవాలి. కన్ను పెరుగుదలకు కావలసింది వెలుతురు. ప్రకాశవంతమైన వెలుతురు తగిలినప్పుడు రెటీనా డోపమైన్ అనే రసాయనాన్ని ఎక్కువగా విడుదల చేస్తుందనీ, కన్ను పొడవు పెరగకుండా అది అదుపు చేస్తుందనీ కోడిపిల్లల మీద, ఇతర జంతువుల మీద జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఆ పని వేపచెట్టు నీడలోనూ జరుగుతుంది. పిల్లవాణ్ణి ఎండలో మాడ్చనక్కరలేదు, సూర్యుని వైపు చూడమని అసలే చెప్పకూడదు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే రెటీనా నడిమధ్యన కాలి, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు. పొద్దున్నే సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడటం మంచిదని నేర్పే వాట్సాప్ సందేశాలను ఎవరికీ పంపకండి. టోపీ పెడితే వెలుతురు తగ్గిపోదా అని అడుగుతారు. తగ్గుతుంది, అయినా గదిలో ఉన్నదానికి ఎన్నో రెట్లు మిగులుతుంది.

కాబట్టి లెక్కలోకి తీసుకోవలసిన నియమం నా మాటల్లో ఇది: పిల్లవాడు నిలబడ్డ చోట తల ఎత్తితే ఆకాశం కనిపించాలి, చుట్టూ కనీసం రెండు వైపులు తెరిచి ఉండాలి. చెట్టు కొమ్మల సందుల్లోంచి కనిపించినా సరే. కిటికీ పక్కన చదువుకోవడం, గ్రిల్ వేసిన బాల్కనీ, స్టిల్ట్ పార్కింగ్‌లో క్రికెట్, షటిల్ ఆడే ఇండోర్ హాలు, మాల్, కారు ప్రయాణం, ఇవేవీ లెక్కలోకి రావు. వ్యాయామంగా అవి మంచివే. సైటు విషయంలో మాత్రం మేలు చేసేది ఆట కంటే ఆట జరిగే చోటే.

ఈ తప్పు నేనూ చేశాను. మా పెద్దమ్మాయి రోజూ సాయంత్రం గంటన్నర సేపు ఒక హాలులో భరతనాట్యం నేర్చుకునేది. ఒళ్ళు అలిసేలా ఆడుతోంది కదా అని ఆ గంటన్నరను నేను "బయటి సమయం" కింద జమ వేశాను. ఆ హాలుకు ఉన్నవి రెండు కిటికీలు, వాటికీ పరదాలు. మూడో తరగతి చివర పరీక్ష చేస్తే మైనస్ 1.25 వచ్చింది. నా కూతురి కళ్ళకు నేనే అద్దాలు రాయవలసి వచ్చింది. చిన్నదాన్ని పొద్దుటిపూట నడిపించి బడికి పంపడం మొదలుపెట్టింది ఆ తరువాతే.

రెండో పొరపాటు సాయంత్రాలది. ట్యూషను నాలుగున్నరకు మొదలై ఆరింటికి ముగుస్తుంది, ఆ తరువాత పిల్లలు కిందికి దిగి వీధి దీపాల కింద ఏడు దాకా పరుగులు పెడతారు. డిసెంబరులో ఇక్కడ అయిదూ ముప్పావుకే పొద్దు గుంకుతుంది. దీపాల వెలుతురు పదుల లక్స్‌లలో ఉంటుంది. ట్యూషను వేళ మార్చమని అడగండి, మార్చకపోతే ట్యూషనే మార్చండి. మా అపార్ట్‌మెంటు సంఘం వారు మిద్దెకు తాళం వేసి పెట్టినప్పుడు నేను ఆ తాళంచెవి కోసం ఏడాది పాటు పోరాడాను, మీరూ పోరాడండి.

మిద్దె దొరకనివారికి పార్కులున్నాయి. టి.నగర్‌లో పానగల్ పార్కు ఉంది, ఒకప్పటి మద్రాసు ముఖ్యమంత్రి పానగల్ రాజావారి పేరు దానిది. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద నాగేశ్వరరావు పార్కు ఉంది. ఇద్దరూ మనవాళ్ళే కదా, ఆ పేర్లకైనా వెళ్ళవచ్చు. పెద్ద చెట్ల కింద, చుట్టూ తెరిపి ఉన్న చోటు చూసుకుని ఆడించండి.

ఈ పద్ధతే ఎందుకు?

సిడ్నీలోనూ సింగపూరులోనూ ఉన్న చైనీస్ సంతతి పిల్లలను, ఆరేడేళ్ళ వయసువారిని పోల్చిన అధ్యయనం 2008లో వెలువడింది. సింగపూరు పిల్లల్లో 29.1 శాతానికి సైటు ఉంటే సిడ్నీ పిల్లల్లో 3.3 శాతానికే ఉంది. తల్లిదండ్రుల సైటు రెండు చోట్లా దాదాపు సమానమే. పెద్ద తేడా ఆరుబయట గడిపిన సమయంలో కనిపించింది: సిడ్నీలో వారానికి పదమూడు గంటలకు పైగా, సింగపూరులో మూడు గంటలు. తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి రోజుకు నలభై నిమిషాల ఆరుబయటి తరగతి అదనంగా కలిపి మూడేళ్ళు చూశారు. కొత్తగా సైటు వచ్చినవారు అలా కలిపిన బళ్ళలో 30.4 శాతం, కలపని బళ్ళలో 39.5 శాతం. తైవాన్ 2010 నుంచి బడిపిల్లలకు రోజుకు 120 నిమిషాలు బయట అన్న పథకాన్నే నడుపుతోంది. నేను చెప్పే రెండు గంటలు అక్కడివే.

వీటికి పోటీగా నా బల్ల ముందు కూర్చున్నవాళ్ళు చెప్పే మార్గాలు చాలా ఉన్నాయి. క్యారెట్ మంచి కూరే. విటమిన్ ఎ లోపం ఉన్న పిల్లలకు అది రేచీకటిని తప్పిస్తుంది, కాని కన్ను పొడవును ఆపదు. నీలి కాంతిని అడ్డుకునే అద్దాలకు డబ్బు తగలేయవద్దు, సైటును అవి ఆపుతాయనడానికి ఆధారం లేదు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది "నంబరు కొంచెం తగ్గించి రాయండి సార్, కళ్ళకు అలవాటు కాకుండా ఉంటుంది" అన్న కోరిక. మలేషియాలో ఇలా తగ్గించి రాసి చూస్తే, పూర్తి నంబరు పెట్టుకున్న పిల్లల కంటే వీళ్ళ సైటే వేగంగా పెరిగిందని 2002లో తేలింది. అప్పటికే సైటు వచ్చినవారికి ఆరుబయటి వెలుతురు ప్రభావం తక్కువ. వాళ్ళకు పలుచని అట్రోపిన్ చుక్కలు, ప్రత్యేకమైన అద్దాలు వంటివి వైద్యులు ఆలోచిస్తారు, మందుల షాపులో అడిగి కొనుక్కునే చుక్కలు కావవి.

చదువుకునే దూరం గురించి ఒక్క మాట. పుస్తకానికీ కంటికీ మధ్య పిల్లవాడి పిడికిలి నుంచి మోచేతి దాకా ఉండేంత దూరం ఉండాలి. పడుకుని చదవడం మా ఇంట్లో నిషేధం. రెండేళ్ళలోపు పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి. రెండు నుంచి నాలుగేళ్ళ వయసువారు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వాన రోజుల తరబడి విడవకపోవచ్చు. ఆ రోజుల్లో వాన తెరిపి ఇచ్చిన ప్రతి అరగంటనూ వాడుకోండి, మబ్బు కమ్మిన ఆకాశం కింద కూడా గదికంటే ఎన్నో రెట్ల వెలుతురు ఉంటుంది. వాన ఆగినా నేల తడిగా ఉందని ఆపేసేవాళ్ళు చెప్పులు కొనుక్కుంటే సరిపోతుంది. చుక్కల పరీక్షను మాత్రం ఏటా అదే నెలలో చేయించి, ఆ చీటీలన్నీ ఒకే ఫైలులో పెట్టి ఉంచండి. ఈ ఏడాది నంబరుకు పక్కన పోయినేటి నంబరు లేకపోతే నాలాంటివాడు చెప్పగలిగేది చాలా తక్కువ.