పన్ను న్యాయమైనదో కాదో తేల్చుకోవడం ఎలా

బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ ‘పన్ను కట్టేది కొద్దిమందే, అనుభవించేది అందరూ’ అన్న వాదన వినిపిస్తుంది. దానిని ఒప్పుకునే ముందు, లేదా కొట్టిపారేసే ముందు, ఏ పన్ను గురించి మాట్లాడుతున్నారో అడగండి. ఆదాయపు పన్ను కట్టేవారు తక్కువమందే. కానీ సబ్బు కొన్నా, ఫోను రీఛార్జి చేయించుకున్నా కూలి మనిషి సైతం జీఎస్టీ కడుతూనే ఉంటాడు. అది ధరలో కలిసిపోయి ఉంటుంది కనుక కట్టిన సంగతి అతనికే తెలియకపోవచ్చు.

తరువాత, కట్టిన మొత్తాన్ని ఆదాయంతో పోల్చి చూడండి. చర్చల్లో తరచూ మరుగున పడేది ఈ లెక్కే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. 354 రూపాయల రీఛార్జిలో 18 శాతం చొప్పున 54 రూపాయలు జీఎస్టీ ఉంటుంది. నెలకు 10,800 రూపాయలు సంపాదించే వ్యక్తికి అది ఆదాయంలో రెండు వందల్లో ఒక వంతు, 1,08,000 సంపాదించే వ్యక్తికి రెండు వేలలో ఒక వంతు. రేటు ఇద్దరికీ ఒకటే అయినా భారంలో పదింతల తేడా ఉంది. కలిగినవారు ఖరీదైన ప్లాను తీసుకున్నా ఈ తేడా పూర్తిగా పోదు, ఎందుకంటే సంపాదన పెరిగినంతగా ఖర్చు పెరగదు, మిగిలినది పొదుపులోకి వెళ్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టులపై రేటును 18 నుంచి 5 శాతానికి తగ్గించడం అందుకే మంచి నిర్ణయమని నేను నమ్ముతున్నాను.

‘నా జీతంలో 30 శాతం పన్నుకే పోతోంది’ అని ఎవరైనా అన్నప్పుడు శ్లాబుల వారీగా, అంటే ఆదాయాన్ని భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో రేటు చొప్పున, లెక్క వేయండి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆదాయపు పన్ను కొత్త విధానంలో 30 శాతం రేటు 24 లక్షలు దాటిన భాగానికే వర్తిస్తుంది. పన్ను లెక్కించే ఆదాయం సరిగ్గా 24 లక్షలైతే, సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) కాక, కట్టవలసింది 3 లక్షలు, అంటే 12.5 శాతం.

అయితే జీతగాళ్ల ఆవేదనలో న్యాయమైన భాగమూ ఉంది. ఒకే ఆదాయం ఉన్న ఇద్దరు ఒకే పన్ను కడుతున్నారా అన్నది చివరగా చూడవలసిన విషయం. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. ఈ మినహాయింపు ఎత్తివేసినా రెండెకరాల వరి రైతు పన్ను పరిధిలోకి రాడు, పెద్ద తోటల యజమాని మాత్రం వస్తాడు. కనుక రైతుకు మినహాయింపు అన్న మాట విన్నప్పుడు ఏ రైతుకని అడగండి. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. తెలుగువారు ఆ ప్రశ్న వేయవలసిన చోటు అమరావతి, హైదరాబాదు శాసనసభలు.