ఆటోమేటిక్ గేర్‌బాక్సు దింపుతున్నారా? ‘పి’ని నమ్మవద్దు

ఈ మధ్య కోనసీమలో ఒక షెడ్డు ముందు గేర్‌బాక్సు దింపుతుండగా పాత వ్యాను వెనక్కి దొర్లింది. కింద పడుకున్న కుర్రవాడి కాలు విరిగింది. గేరు లివరు ‘పి’లోనే, అంటే పార్కింగ్‌లోనే ఉంది, అయినా బండి ఎలా కదిలిందని అందరూ ఆశ్చర్యపోతున్నారు. కదలక ఏం చేస్తుంది?

‘పి’ చక్రాలను పట్టుకోదు. గేర్‌బాక్సు లోపల, బయటకు వచ్చే షాఫ్టు మీది పళ్ల చక్రంలో ఒక కొక్కెం పడుతుంది, అంతే. వెనక చక్రాలతో నడిచే వ్యానులో, గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పగానే ఆ కొక్కేనికీ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. విప్పకముందే వెనక ఒక్క చక్రాన్ని జాకీతో లేపినా ముప్పే. రెండు చక్రాలనూ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాలిలోని చక్రం ఎదురు తిరుగుతుంటే నేల మీది చక్రం దొర్లిపోతుంది. వెనక రెండు చక్రాలూ లేపితే హ్యాండ్ బ్రేకు కూడా పనికిరాదు, అది పట్టేది ఆ చక్రాలనే. అందుకే నేల మీదున్న ప్రతి చక్రానికీ ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టాలి. ‘పి’లో ఉందని దిమ్మలు మానవద్దు.

మన డెల్టాలో ఇంకో చిక్కు నేలది. కాలువ గట్టు వాలు కంటికి ఆనదు, బండికి మాత్రం తెలుస్తుంది. నాలుగు వానలు పడితే ఒండ్రు నేలలో జాకీ ఒక పక్కకు దిగిపోతుంది. సిమెంటు గచ్చు మీదనే పని చేయండి. లేకపోతే మందపాటి ఇనుప పలక పరవండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు కావాలి. ఇటుకలు పేర్చవద్దు.

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక వస్తుంది. ఆలోపే పని ముగించాలని జూలైలో చాలామంది తొందరపడతారు. తొందరలోనే దిమ్మలు మరిచిపోతారు.

నీళ్లలో నిలిచిన బండిని స్టార్టు చేయవద్దు, ముందు గేర్‌బాక్సు ఆయిలు చూడండి. గులాబీ రంగు పాలలా ఉంటే నీరు కలిసినట్టే. క్లచ్ పలకల మీది పొర ఊడిపోతుంది. అయితే నేరం వరదదే అనుకోవద్దు. రేడియేటరు లోపలి ఆయిలు కూలరు చిల్లు పడినా ఇదే రంగు వస్తుంది. అది చూడకుండా వేరే గేర్‌బాక్సు వేస్తే అదీ పోతుంది.

ఇక మిగిలినవి:

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు విప్పండి.

గేర్‌బాక్సు వెనక్కి లాగేముందు ఇంజనుకు ఆధారం ఇవ్వండి, లేకపోతే అది వెనక్కి వాలుతుంది.

గేర్‌బాక్సును గుండెల మీద మోయవద్దు. దాని జాకీ తెచ్చుకోండి, గొలుసుతో కట్టండి.

ఇంజను తిప్పుడును ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టరు, గేర్‌బాక్సు ముందున్న ఆయిలు పంపులో పూర్తిగా కూర్చోవాలి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య సందు ఉండగా బోల్టులు బిగించి దగ్గరకు లాగవద్దు. పంపు పగులుతుంది.

కూలరు గొట్టాలు కడగండి. పాత గేర్‌బాక్సు ఇనుప రజను అక్కడే దాక్కుంటుంది.

ఆయిలు తయారీదారు చెప్పిన రకమే. దుకాణదారు చెప్పింది కాదు.

ఒంటరిగా కిందకు దూరవద్దు.

షాఫ్టు విప్పేముందు దిమ్మలు మళ్లీ చూడండి. ‘పి’ లెక్కలోకి రాదు.

బిగించాక కూడా నమ్మవద్దు. లివరు నుంచి గేర్‌బాక్సుకు పోయే కేబులు సరిగా కుదరకపోతే, లివరు ‘పి’ చూపిస్తుంటే లోపల రివర్సు పడి ఉండవచ్చు. మొదటి స్టార్టుకు బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. దిమ్మలు అప్పటికీ తీయవద్దు.